సెంచూరియన్ పని లెక్క: పేరొకటే, ఓడలు రెండు

ఏప్రిల్

విశాఖ బీచ్ రోడ్డులో రోజూ నడిచేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, 1804 సెప్టెంబర్ 15న మన తీరానికి ఎదురుగా ఓ సముద్ర యుద్ధం జరిగింది. ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా 74 ఫిరంగుల మారెంగోని, తోడుగా రెండు ఫ్రిగేట్లని (అంతకంటే చిన్న యుద్ధనౌకలు) వేసుకుని వచ్చాడు. ఇక్కడ లంగరేసి ఉన్న యుద్ధనౌక 50 ఫిరంగుల సెంచూరియన్ ఒక్కటే. దాని కాపలాలో బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అని రెండు సరుకు ఓడలు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలిపోయింది, ప్రిన్సెస్ షార్లెట్‌ని ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. సెంచూరియన్ మాత్రం దెబ్బలు తిన్నా చిక్కలేదు. నేను కడుతున్నది ఆ ఓడనే, 72వ వంతు సైజులో.

అసలు జనవరిలోనే మొదలవ్వాల్సింది. పేరు చూసి విదేశం నుంచి ప్లాన్ తెప్పించాను. పోస్టు ఖర్చుతో కలిపి ఆ నెల పెట్రోలు డబ్బులన్నీ దానికే పోయాయి. విప్పి చూస్తే ముక్కు మీద పెద్ద సింహం! ఫిరంగి కిటికీలు లెక్కపెడితే 50 ఫిరంగుల ఓడకి ఉండాల్సినవాటికంటే ఎక్కువ తేలాయి. అది బ్రిటిష్ నేవీ అధికారి ఆన్సన్ ప్రపంచం చుట్టి వచ్చిన సెంచూరియన్, 60 ఫిరంగులది. 1732లో నీళ్లలోకి దిగింది, 1743లో స్పెయిన్ వాళ్ల వెండి ఓడని పట్టుకుంది, 1769లో విప్పేశారు. మనది 1774లో హార్విచ్‌లో దిగింది. తాత పేరు మనవడికి పెట్టినట్టు బ్రిటిష్ నేవీ వాళ్లు పాత ఓడ పేరు కొత్త ఓడకి పెడుతూనే ఉంటారు. ప్లాన్ కొనే ముందు పేరు కాదు, ఓడ దిగిన సంవత్సరం చూడండి.

సింహం ప్లాన్ బీరువా మీద ఉంది. పారెయ్యడానికి చేతులు రాలేదు.

మే

సరైన ప్లాన్ వచ్చింది. ఇది 48వ వంతు డ్రాయింగు, అంటే అడుగుకి పావు అంగుళం. 72కి రావాలంటే 66.7 శాతానికి తగ్గించి ప్రింటు తీయాలి. ఇక్కడే ఒక దెబ్బ తిన్నాను. జిరాక్స్ మెషీన్ పొడవులో ఒక శాతం సాగదీసింది. కంటికి ఏమీ తెలియదు. కానీ నా ఓడ గన్‌డెక్ (ఫిరంగులుండే అంతస్తు) పొడవు 618 మిల్లీమీటర్లు, అందులో ఒక శాతమంటే ఆరు మిల్లీమీటర్లు తేడా. చివరి ఫ్రేములు, అంటే ఓడకి పక్కటెముకల్లాంటి చట్రాలు, ఎక్కడా కూర్చోలేదు. ఇప్పుడు ప్రింటు తీసే ముందు ప్లాన్ మీద అడ్డంగా, నిలువుగా రెండు గీతలు కొలిచి గీసి, ప్రింటు వచ్చాక వాటినే మళ్లీ కొలుస్తున్నాను. షాపు కుర్రాడు "సార్, మళ్లీ స్కేలా?" అంటాడు. అననీ.

ఇంకోటి. ఆ కాలపు డ్రాయింగుల్లో ఓడ ఒంపులు చూపించే గీత ఫ్రేము బయటి అంచుకి గీసింది, పైన కొట్టే పలకల మందం అందులో లేదు. అసలు ఓడకి పలక 4 అంగుళాలు అనుకుంటే నా సైజులో 1.4 మి.మీ. నేను రెండు పొరలు వేస్తాను, ఒకటిన్నర ప్లస్ ఒకటి, మొత్తం 2.5. అందుకని ప్రతి ఫ్రేమునీ చుట్టూ 1.1 మి.మీ. తగ్గించి కోశాను. లేకపోతే పూర్తయ్యాక ఓడకి పొట్ట వస్తుంది.

జూన్

కర్ర గురించి చాలామంది అడుగుతున్నారు. అసలు ఓడ ఓక్‌తో కట్టింది కాబట్టి ఓకే వాడాలని కొందరి వాదన. నేను ఒప్పుకోను. ఓక్ గానీ మన టేకు గానీ ఈ సైజులో పెడితే కర్ర ఈనెలు పలకంత వెడల్పు కనిపిస్తాయి. కావల్సింది అసలు కర్ర కాదు, అసలులా కనిపించే కర్ర. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర ఇందుకు భలేగా సరిపోయింది. తెల్లగా, మెత్తగా ఉంటుంది, ఈనెలు కనబడవు. ముక్కు దగ్గర ఒంపుల్లో నింపడానికి మాత్రం కొండపల్లి వాళ్ల తెల్లపొణికి తెచ్చాను. అది గోరుతో నొక్కితే దిగిపోతుంది, పైకి పనికిరాదు.

ఏటికొప్పాకలో ఓ పెద్దాయన దగ్గర డెడ్‌ఐలు తరిమెన పట్టించాను. డెడ్‌ఐ అంటే మూడు కన్నాలున్న గుండ్రటి చెక్క బిళ్ల, ష్రౌడ్ తాళ్లని, అంటే తెరచాప స్తంభాన్ని పక్కల నుంచి పట్టి ఉంచే తాళ్లని, బిగించేది. నాకు కావల్సింది 4 మి.మీ. సైజు. ఆయన కాగితం మీది బొమ్మ చూసి, నా మొహం చూసి, "ఏటి బాబూ, ఇది పూసా, బొమ్మ కన్నా?" అన్నాడు. కన్నాలు నేనే వేసుకుంటానన్నాను. పుల్లని తిప్పి వరసగా ఇరవై గాడులు పెట్టి, ఉలి ఆపకుండా ఒక్కొక్కటే తెంపాడు. అరగంటలో ఎనభై. నేనైతే అరగంటలో మూడు చేసేవాణ్ణి, అందులో ఒకటి పనికొచ్చేది.

డెక్ పలకల వెడల్పు 10 అంగుళాల లెక్కన 3.5 మి.మీ. పలకల్ని బిగించే కొయ్య మేకులు అసలు ఓడలో అంగుళంన్నర మందం, నా దగ్గర అర మిల్లీమీటరు. దీనికి వెదురు పుల్లని చీల్చి కంసాలి కమ్మచ్చులోంచి (తీగ సన్నం చేసే కన్నాల ఇనప పలక) లాగుతున్నాను. పూర్ణా మార్కెట్ దగ్గర పాతది ఒకటి దొరికింది. వెండి తీగ కోసం చేసింది వెదురుకీ పనికొస్తుంది. పుల్లని ఒక్కో కన్నంలోంచి వరసగా లాగాలి, తొందరపడి రెండు కన్నాలు దాటిస్తే చీలిపోతుంది.

నా తప్పు కూడా రాయాలి. కొన్న అంకుడు పూర్తిగా ఆరలేదు. అంటించిన మొదటి పొర ఎండలకి ముడుచుకుని పలకల మధ్య గోరు దూరేంత సందు వచ్చింది. మొత్తం పీకి మళ్లీ వేశాను. ఇప్పుడు కర్రని వారానికోసారి వంటింటి త్రాసులో తూస్తున్నా. బరువు తగ్గడం ఆగాకే కోస్తాను.

జులై, ఆగస్టు

రాగి. 1774లో దిగినప్పుడు అడుగున రాగి లేదు. ఓడలన్నిటికీ రాగి తొడగడం బ్రిటిష్ నేవీ 1779–80 ప్రాంతంలో పెట్టుకుంది. ప్లాన్ నాటి ఓడ కడితే రాగి ఉండకూడదు, మన తీరంలో పోరాడిన ఓడ కడితే ఉండి తీరాలి. నా లెక్కకి తేదీ ఒక్కటే: ఆ సెప్టెంబర్ పొద్దున అది ఎలా ఉండేదో అలా. బౌస్ప్రిట్ (ముక్కు నుంచి ముందుకి పొడుచుకొచ్చే దూలం) కింద డాల్ఫిన్ స్ట్రైకర్ అనే పొట్టి కొయ్య కూడా ఇదే లెక్కన పెట్టాను. అది 1790లలో వచ్చిన అలవాటు, 1774 ప్లాన్‌లో వెతికినా దొరకదు.

రాగి పలక 4 అడుగులు, 14 అంగుళాలు. నాకు 17 మి.మీ., 5 మి.మీ. జిగురున్న రాగి టేపుతో కోస్తున్నాను. ముందు పలక అంచు వెనక పలక మీదికి రావాలి, లేకపోతే నీళ్లు అంచుని లేపేస్తాయి. అంటే పని వెనక నుంచి ముందుకి, కింద కీల్ (ఓడ అడుగు దూలం) నుంచి పైకి. కొన్ని కిట్లలో ఇచ్చే పలకల మీద మేకులు పనసకాయ ముళ్లలా ఉబ్బెత్తుగా ఉంటాయి. అసలు మేకు తల పలకతో సమంగా దిగి ఉండేది. ఈ సైజులో అవి కంటికి ఆనవు, నేను అసలు వెయ్యలేదు. ఎడమ వైపు 870 పలకలు అయ్యాయి.

వేలిముద్రలు పడ్డ చోట మచ్చ తేలుతుంది కాబట్టి గ్లౌజులు తప్పవు. రంగు మార్చే ద్రావకాలేవీ వాడలేదు. బాల్కనీ పక్క గదిలో పెట్టాను, మన ఉప్పుగాలికి నెలన్నరలో దానంతటదే నల్లబడింది. అమ్మ చూసి "కొత్త రాగి ఇలా అయిపోయిందేంట్రా, కాస్త చింతపండు పెట్టి తోమనా?" అంది. ముప్పై ఏళ్లు సముద్రంలో తిరిగిన ఓడమ్మా అంటే, "అయితే మరీ తోమాలి" అంది.

సెప్టెంబర్

తాళ్ల లెక్క చేస్తూ మరో పొరపాటు తృటిలో తప్పించుకున్నాను. పాత పట్టికల్లో తాడు సైజు అంటే చుట్టుకొలత, అడ్డకొలత కాదు. 18 అంగుళాల లంగరు తాడు అంటే 5.7 అంగుళాల మందం, నా సైజులో 2 మి.మీ. అడ్డకొలతనుకుంటే ఆరు మిల్లీమీటర్లు దాటేది, లంగరుకి కొండచిలువని కట్టినట్టు ఉండేది. పైగా లంగరు తాడు పేట మామూలు తాళ్లకి ఎదురు దిక్కులో తిరుగుతుంది. బజారు దారం అలా దొరకదు, నేనే పేనుకోవాలి. పాలిస్టరు దారం తీసుకున్నాను. నూలైతే మన వానాకాలంలో ఒక రోజు బిగిసి, మర్నాడు వదులవుతుంది. కదలని తాళ్లకి తారు రంగు, అంటే ముదురు గోధుమ. నల్ల సిరా నలుపు కాదు. లాగే తాళ్లు లేత రంగులోనే ఉంచుతాను.

జెండాలో ఎర్ర ఐమూల గీతలు ఉండాలి, ఐర్లండ్ కలిశాక 1801 జనవరి 1న చేరాయవి. సింహం ప్లాన్‌తో వచ్చిన కాగితం జెండాలో అవి లేవు, ఆ ఓడకి అదే సరైనది.

కుడి వైపు రాగి ఇంకా 300 పలకలు ఉంది. ఆ తర్వాత పక్కలకి పసుపు, నలుపు. ష్రౌడ్‌లు డిసెంబరులో బిగిస్తాను, గాలిలో తేమ కాస్త తగ్గాక.