దూరం పెరిగినా సమయం తగ్గే దారి: ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు

జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరున్న ఫ్రీమాంట్‌లోని మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, అమెరికా కన్నా ముందు నన్ను ఆశ్చర్యపరిచింది ముందు సీటు వెనక తెర మీద కనిపించిన పటం. గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య దగ్గరి దారి ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా సుమారు 12,400 కిలోమీటర్లు వస్తుంది. మా విమానం ఆ దారి పట్టకుండా చైనా, జపాన్ దాటి పసిఫిక్ మహాసముద్రం మీదికి సాగింది.

దానికి కారణం గాలి. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఈ విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకు మళ్లించినప్పుడు దూరం దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300కు చేరినా, ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటలకు తగ్గింది. ఆకాశంలో చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వేగంగా వీచే జెట్ స్ట్రీమ్ అనే గాలి చలికాలంలో జపాన్ పరిసరాల్లో మరీ బలంగా ఉంటుంది. మేము అక్కడికి చేరేసరికి తెర మీద వేగం గంటకు 1,100 కిలోమీటర్లు దాటింది.

తెల్లవారుజామున మూడింటికి బయలుదేరిన మాకు చైనా మీదనే పొద్దు పొడిచింది. మేము సూర్యుడికి ఎదురు వెళుతున్నాం కాబట్టి ఆ పగలు ఐదు గంటలకే ముగిసి, సముద్రం మీద చీకటి పడింది. కొడుకు దగ్గరికి వెళుతున్న ఖమ్మం పెద్దావిడ నా పక్క సీట్లో కూర్చున్నారు. ఆవిడ షుగరు మాత్రల డబ్బా తెరిచి, “పొద్దుగూకింది గదా నాయనా, రాత్రి మాత్ర వేసుకోవాల్నా?” అని అడిగారు. కిటికీ బయట చిమ్మచీకటి. నా చేతి గడియారంలో ఇంకా ఉదయం పదిన్నర. “మన గడియారం ప్రకారం రాత్రి కాలేదమ్మా, మీ డాక్టరుగారు ఏం చెప్పారు?” అన్నాను. ఆవిడ సంచీలోంచి చీటీ తీసి ఇచ్చారు. దాని మీద పెద్ద తెలుగు అక్షరాలతో “ఇండియా టైము ప్రకారం” అని రాసి ఉంది. ఆ డాక్టరుగారి ముందుచూపుకు మనసులోనే నమస్కరించాను.

పసిఫిక్ మధ్యలో తూర్పుకు దాటితే తేదీ ఒకరోజు వెనక్కి వెళ్లే తేదీ రేఖను దాటినందువల్ల, అంత ప్రయాణం చేసినా, బయలుదేరిన తేదీ నాడే ఉదయం నాలుగు గంటల ప్రాంతంలో దిగాము.

తిరుగు ప్రయాణంలో ఆ గాలే ఎదురు కావడంతో గాలిలోనే పదహారు గంటలు గడిచాయి. అంతకన్నా ఎక్కువ బాధపెట్టింది ఢిల్లీలో శంషాబాద్ విమానం కోసం రాత్రంతా కుర్చీల్లో కూర్చోవడం. అక్కడి నుంచి మన ఊరికి రెండు గంటల ప్రయాణమే అయినా, ఆ నిరీక్షణ ఏ టికెట్ లెక్కలోనూ కనిపించదు. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలైంది కానీ కొనసాగలేదు. ఇన్ని తెలుగు కుటుంబాలు రాకపోకలు సాగించే దేశానికి, వయసు మళ్లిన తల్లిదండ్రుల కోసమైనా అలాంటి విమానం మళ్లీ రావాలి.