పింగ్ వెళ్తోంది, ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం వేలాడుతోంది: రెండో రౌటర్ పని, నాలుగో వారం

పోయిన వారం ఎక్కడ ఆపానంటే, మెయిన్ రౌటర్ 192.168.1.1, దాని లాన్ (లోపలి వైపు) పోర్ట్ నుంచి కేబుల్ రెండో రౌటర్ వాన్ (బయటి వైపు) పోర్ట్‌కి, అక్కడ అడ్రస్ 192.168.1.2, దాని వెనక 192.168.20.0/24 అనే వేరే నెట్‌వర్క్‌లో నా చిన్న సర్వర్. రెండు రౌటర్లలోనూ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. నాట్, అంటే లోపలి అడ్రస్‌ని రౌటర్ తన అడ్రస్‌గా మార్చి పంపడం, రెండుసార్లు జరగడం నాకిష్టం లేదు, అందుకే రెండోదాంట్లో మాస్కరేడింగ్ (ఆ నాట్ చేసే సెట్టింగ్) తీసేసి, వాన్ నుంచి లాన్‌కి ఫార్వర్డింగ్ తెరిచాను.

తీయగానే సర్వర్‌కి ఇంటర్నెట్ పోయింది. ఇది త్వరగానే తేలింది, 20 నెట్‌వర్క్ ఎటు ఉందో మెయిన్ రౌటర్‌కి తెలియదు కదా. 192.168.20.0/24కి గేట్‌వే 192.168.1.2 అని అందులో ఒక స్టాటిక్ రూట్ రాస్తే సరిపోయింది.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. ల్యాప్‌టాప్ నుంచి సర్వర్‌కి పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న ప్యాకెట్) చక్కగా వెళ్తోంది, ఒక్కటీ పోవడం లేదు, కానీ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) కొడితే కనెక్ట్ అయినట్టే అయి పాస్‌వర్డ్ అడక్కుండా అలాగే ఉండిపోతుంది. రెండు రాత్రులు ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగ్స్ మీదే పడ్డాను, అక్కడ తప్పేమీ లేదు. ప్యాకెట్ ఏయే రౌటర్ల మీదుగా పోతోందో చూపించే ట్రేస్‌రూట్ కూడా బాగానే కనిపించింది: 1.1, 1.2, సర్వర్, మొత్తం మూడు అంగలు. అయితే ట్రేస్‌రూట్ చూపించేది వెళ్లే దారి మాత్రమే. సర్వర్ వైపు నుంచి ల్యాప్‌టాప్‌కి కొట్టి చూస్తే రెండే అంగలు, మధ్యలో మెయిన్ రౌటర్ లేనే లేదు!

ఎందుకంటే ల్యాప్‌టాప్, రెండో రౌటర్ వాన్ పోర్ట్ రెండూ ఒకే 192.168.1 నెట్‌వర్క్‌లో ఉన్నాయి, కాబట్టి సర్వర్ జవాబుని రెండో రౌటర్ నేరుగా ల్యాప్‌టాప్‌కే ఇచ్చేస్తుంది. సర్వర్‌లో టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే టూల్) పెడితే కథంతా కళ్లముందుకొచ్చింది. టీసీపీ కనెక్షన్ మూడు మెట్లలో మొదలవుతుంది: సిన్, దానికి జవాబుగా సిన్-ఆక్, దానికి ఆక్. ఇక్కడ సిన్ వస్తోంది, సిన్-ఆక్ పోతోంది, మళ్లీ మళ్లీ అదే సిన్-ఆక్ పోతోంది, ల్యాప్‌టాప్ పంపిన ఆక్ మాత్రం చేరడం లేదు. మెయిన్ రౌటర్ ఫైర్‌వాల్ సిన్‌ని చూసింది, సిన్-ఆక్‌ని చూడలేదు, అందుకని తర్వాత వచ్చిన ఆక్‌ని ఇన్‌వాలిడ్ అనుకుని పడేస్తోంది (ఇన్‌వాలిడ్ ప్యాకెట్లను డ్రాప్ చేసే ఆప్షన్ నేనే ఆన్ చేసి ఉంచాను). పింగ్‌కి ఈ మూడు మెట్ల పద్ధతి లేదు, అందుకే అది దాటిపోయింది.

ఆ ఆప్షన్ ఆఫ్ చేస్తే పని జరిగిపోతుంది గానీ దారి వంకరగానే ఉంటుంది, నాకు మనసొప్పలేదు. ముందు డీహెచ్‌సీపీ (మెషిన్లకి అడ్రస్‌లు పంచే పద్ధతి) ఆప్షన్ 121తో ఆ రూట్‌ని అన్ని మెషిన్లకీ పంపి చూశాను. ఇక్కడ జాగ్రత్త: 121 అందిన మెషిన్ మామూలు గేట్‌వే ఆప్షన్‌ని, అంటే 3ని, పట్టించుకోకూడదని ఆర్‌ఎఫ్‌సీ 3442 అనే ప్రమాణ పత్రం చెబుతుంది, కాబట్టి 0.0.0.0/0 (మిగతా అన్ని అడ్రస్‌లకీ దారి) రూట్ కూడా అందులోనే రాయాలి. నేను రాయలేదు, ల్యాప్‌టాప్‌కి ఇంటర్నెట్ పోయింది. రాశాక బాగానే నడిచింది, కానీ ప్రతి మెషిన్ దీన్ని పాటిస్తుందన్న నమ్మకం మీద నెట్‌వర్క్ కట్టడం నాకు నచ్చదు.

చివరికి మెయిన్ రౌటర్‌లో ఒక పోర్ట్‌ని లాన్ బ్రిడ్జ్ (లాన్ పోర్ట్‌లన్నిటినీ ఒకే నెట్‌వర్క్‌గా కలిపేది) నుంచి విడదీసి 10.10.10.1/30 (రెండు మెషిన్లకే సరిపోయే చిన్న నెట్‌వర్క్) ఇచ్చాను, రెండో రౌటర్ వాన్‌కి 10.10.10.2, స్టాటిక్ రూట్ గేట్‌వే కూడా అదే. కొత్త ఇంటర్‌ఫేస్‌ని ఫైర్‌వాల్‌లోని లాన్ జోన్‌లో చేర్చడం మర్చిపోవద్దు, లేకపోతే ఫైర్‌వాలే ఆపేస్తుంది. ఇప్పుడు పోయేదీ వచ్చేదీ మెయిన్ రౌటర్ మీదుగానే, రెండువైపులా మూడేసి అంగలు. నిన్న రాత్రి తెరిచిన ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ ఇంకా నడుస్తోంది. వచ్చే వారం ఇదే లింక్ మీద ఐపీవీ6.