మమ్దానీకి ఒకటో నంబరు ఇవ్వాలా?

2025 జూన్ 24, మంగళవారం పోలింగ్. ఆ రోజు నాకు ల్యాబ్‌లో పొద్దుటి డ్యూటీ. ఎండ కూడా బాగా మండిపోతుందంటున్నారు. అందుకే రేపు ఆదివారమే, ముందస్తు ఓటింగ్ ఆఖరి రోజున వెళ్ళి ఓటేసి వద్దామనుకుంటున్నాను. న్యూయార్క్ మేయర్ పదవికి డెమోక్రటిక్ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ ఇది. ఆ పార్టీ పేరుతో నమోదైనవాళ్ళకే ఓటు. మా ఆయన ఓటరు నమోదులో ఏ పార్టీ పేరూ రాయలేదు. మార్చుకోవడానికి గడువు ఫిబ్రవరి 14తోనే అయిపోయింది. కాబట్టి మా ఇంట్లో ఈసారి ఓటు నాదొక్కదే. బ్యాలెట్ మీద 11 మంది ఉన్నారు. ఇష్టాన్ని బట్టి ఐదుగురి దాకా వరుసగా ఎంచుకోవచ్చు. వారం రోజులుగా నేను ఆలోచిస్తున్నది ఒకటో స్థానం గురించే.

జొహ్రాన్ మమ్దానీకి 33 ఏళ్ళు. ఆస్టోరియా నుంచి రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడు. అద్దె ఎంత పెంచాలో ఒక బోర్డు నిర్ణయించే స్టెబిలైజ్డ్ ఫ్లాట్లు సుమారు 10 లక్షలున్నాయి, వాటి అద్దె పెంచనివ్వనంటున్నాడు. సిటీ బస్సులు ఉచితం, ఐదేళ్ళ లోపు పిల్లల సంరక్షణ ఉచితం, నగరమే నడిపే కిరాణా కొట్లు, 2030కల్లా గంటకు 30 డాలర్ల కనీస వేతనం. మా ల్యాబ్‌లో సగం మంది ఇవి అయ్యే పనులు కావు, ఓట్ల కోసం చెప్పే మాటలు అని కొట్టిపారేస్తున్నారు. నేను అలా కొట్టిపారేయలేను. నేను రెండు రూపాయల బియ్యం తిని పెరిగినదాన్ని.

1983లో ఎన్టీఆర్ ఆ మాట ఇచ్చి గెలిచినప్పుడు నాకు ఊహ తెలియదు. కానీ సూర్యాపేటలో మా వీధి చివరి రేషన్ షాపు ముందు అమ్మ తెల్లవారకముందే సంచి పెట్టి వరుసలో చోటు పట్టుకోవడం బాగా గుర్తుంది. ఇంటికి తెచ్చిన బియ్యాన్ని చాటలో పోసి రాళ్ళు ఏరేది. అన్నం కొంచెం ముక్కిపోయిన వాసన వేసేది. అయినా కడుపు నిండేది. 1994లో ఆయన మళ్ళీ గెలిచాక రెండు రూపాయలే అన్నారు. ఆయన పోయాక 1996లో మూడున్నర చేశారు. ఇరవై కిలోలకు ముప్పై రూపాయలు ఎక్కువ. ఆ రోజు అమ్మ డబ్బాలో చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుంది. అప్పటినుంచి ఏ నాయకుడు ఏ మాట ఇచ్చినా నాకు రెండు ప్రశ్నలు వస్తాయి. అది ఎవరి సంతకంతో అవుతుంది? డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అద్దె సంగతి మేయర్ చేతిలో ఉన్నదే. ఏటా పెంపు ఎంతో నిర్ణయించే రెంట్ గైడ్‌లైన్స్ బోర్డులో తొమ్మిది మంది ఉంటారు, అందర్నీ మేయరే నియమిస్తారు. మాజీ మేయర్ డి బ్లాసియో హయాంలో 2015, 2016, 2020ల్లో ఏడాది లీజులకు సున్నా పెంపు ఇచ్చారు. పోయినేడు మాత్రం 2.75 శాతం. మాకు నెలకు యాభై డాలర్లు పెరిగింది.

కానీ మా బిల్డింగ్ ఓనరమ్మ మాట కూడా వినాలి. కొలంబియా నుంచి వచ్చిన పెద్దావిడ, ఎనిమిది ఫ్లాట్ల పాత బిల్డింగ్ తప్ప వేరే ఆస్తి లేదు. జనవరి చలిలో బాయిలర్ ఆగిపోతే మెకానిక్ వచ్చేదాకా కోటు వేసుకుని మాతోపాటు కింద నిలబడింది. మొన్న ఇన్సూరెన్స్ బిల్లు చూపించి, "అద్దె ఆపుతారు సరే, ఇది ఎవరు ఆపుతారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. వేల ఫ్లాట్లున్న కంపెనీకీ ఈవిడకీ ఒకే కొలత పెట్టడం నాకు న్యాయంగా అనిపించడం లేదు.

బస్సుల సంగతి వేరు. వాటిని నడిపే సంస్థ ఎమ్‌టీఏ రాష్ట్రం కింద నడుస్తుంది. 2023 సెప్టెంబరు నుంచి దాదాపు ఏడాదిపాటు, బరోకి (నగరంలోని ఐదు భాగాల్లో ఒక్కోదానికి) ఒకటి చొప్పున ఐదు రూట్లలో ఉచితంగా నడిపి చూశారు. దానికోసం అసెంబ్లీలో పట్టుబట్టినవాళ్ళలో మమ్దానీ ఒకడు. పనిదినాల్లో ప్రయాణికులు 30 శాతం పెరిగారు. ఊరంతా అలా చేయాలంటే ఏడాదికి 65 కోట్ల డాలర్ల పైమాటే. పది లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద రెండు శాతం అదనపు పన్ను వేస్తానంటాడు. దానికి ఆల్బనీలోని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి, గవర్నర్ హోకుల్ ఆదాయపు పన్ను పెంచనంటున్నారు. కాబట్టి బస్సును నేను మాటగా కాదు, ఆశగానే తీసుకుంటున్నాను. అలాగని చిన్న ఆశేమీ కాదు. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేశాక అమ్మ ఫోన్లో, "సీటు దొరుకుతలేదు బిడ్డా, కానీ మీ నాయన్ని పైసలు అడిగే పని తప్పింది" అంది.

నన్ను ఇతనివైపు లాగింది మాత్రం పథకాలు కాదు. మా పైన మూడో అంతస్తులో బంగ్లాదేశ్ టాక్సీ డ్రైవర్ ఉంటాడు. భాయ్ అని పిలుస్తాం. టాక్సీ మెడాలియన్ (టాక్సీ నడిపే లైసెన్సు) ధర 10 లక్షల డాలర్లు పలికిన రోజుల్లో అప్పుచేసి కొన్నాడు. ధర కూలిపోయింది, అప్పు మిగిలింది. 2021లో ఒక రాత్రి మా వంటింట్లో కూర్చుని బ్యాంకు కాగితం బల్ల మీద పరిచి, అరచేత్తో దాని మడతలు సాపు చేస్తూనే ఉన్నాడు. టీ చల్లారిపోయింది. మా జిల్లాల్లో అప్పుల రైతుల మొహాలు చూసినదాన్ని, నాకు చాలా భయం వేసింది. ఆ అక్టోబరులో డ్రైవర్లు సిటీ హాల్ దగ్గర నిరాహార దీక్షకు కూర్చున్నారు. మమ్దానీ వాళ్ళతోపాటు 15 రోజులు తినకుండా కూర్చున్నాడు. నవంబరులో ఒప్పందం కుదిరింది. అప్పు అసలును 1,70,000 డాలర్లకు తగ్గించి, నగరమే హామీ ఉండి, నెలకట్టు 1,122 డాలర్లు దాటకుండా చేశారు. అప్పుడు అతను మేయర్ పదవికి నిలబడతాడన్న ఊసే లేదు.

అనుభవం తక్కువన్న మాట నిజం. మూడు లక్షల మంది ఉద్యోగులున్న నగరం ఇది. పోటీలో ఉన్న ఆండ్రూ క్వోమోకు అనుభవం ఉంది, లగ్వార్డియా విమానాశ్రయాన్ని కొత్తగా కట్టించిన మాజీ గవర్నర్. కానీ 11 మంది మహిళల్ని వేధించారని అటార్నీ జనరల్ నివేదిక వచ్చాక 2021లో రాజీనామా చేశారు. ఆయన కాదంటారు. నేను ఆ మహిళల మాటే నమ్ముతాను, ఆయనకు ఏ నంబరూ ఇవ్వను.

పోటీలో ఉన్నవాళ్ళలో లెక్కలు తెలిసినవాడు బ్రాడ్ లాండర్, నగర ఖాతాలు చూసే కంప్ట్రోలర్. మొన్న 17న ఇమిగ్రేషన్ కోర్టులో ఒకతన్ని పట్టుకుపోతుంటే చెయ్యి వదలకుండా నిలబడి అరెస్టయ్యాడు. ఆయనా మమ్దానీ ఒకరికొకరు మద్దతు చెప్పుకున్నారు. నాకు మనసులో ఉన్నది కూడా అదే: ఒకరికి తెగువ, ఒకరికి లెక్క.

నమూనా బ్యాలెట్ మీద పెన్సిల్‌తో పెట్టుకున్నాను. ఒకటి మమ్దానీ, రెండు లాండర్, మూడు నగర కౌన్సిల్ స్పీకర్ ఏడ్రియన్ ఆడమ్స్. ఓనరమ్మ ఇన్సూరెన్స్ బిల్లును ఫోటో తీసుకున్నాను, ఎవరు గెలిచినా ఆ ఫోటోతో ఉత్తరం రాస్తాను. రేపు పొద్దున రాత్రి షిఫ్టు దిగి వచ్చాక తనూ వస్తానన్నాడు భాయ్. ఇద్దరం కలిసి నడిచి వెళ్తాం.