తాతయ్య ఇనప్పెట్టె

ఆదివారం, రాత్రి పదకొండు. సబ్బుతో రెండుసార్లు కడిగినా వేళ్లకి కొవ్వొత్తి మసి పోలేదు.

తాతయ్య పట్నంబజారులో మిర్చి వ్యాపారం చేసినప్పటి ఇనప్పెట్టె మా మెట్ల కింద ఇరవై ఏళ్లుగా మూసే ఉంది. ఇల్లు మారినప్పుడు తాళంచెవి ఎక్కడో పోయింది. గ్యాస్ కట్టర్‌తో కోయిస్తే గంటలో పనైపోతుంది కదరా అన్నాడు బాబాయి. నాకు మనసొప్పలేదు. లాలాపేటలో తాళాలు బాగుచేసే పెద్దాయన్ని బతిమాలి పొద్దున్నే స్కూటీ మీద ఎక్కించుకొచ్చాను.

సినిమాల్లోలాగా చెవి ఆనించి డయల్ తిప్పడానికి దీనికి డయలే లేదు, ఉన్నది లీవర్ తాళం. లోపల పలకలు వరసగా పేర్చి ఉంటాయి, ఒక్కోటీ తనకి పెట్టిన ఎత్తుకే లేవాలి, కాస్త తక్కువ లేచినా ఎక్కువ లేచినా గడియ కదలదు. ఆయన పళ్లు కొయ్యని తాళంచెవిని కొవ్వొత్తి మంట మీద నల్లగా మసి పట్టించి, మెల్లగా లోపల పెట్టి, బిగించి తిప్పి బయటకి తీశాడు. మసిలో సన్నటి గీతలు, పలకలు రాసుకున్న చోట మాత్రమే మెరుస్తున్నాయి. అక్కడ ఆకురాయితో రెండు మూడు రుద్దులు, మళ్లీ మసి, మళ్లీ లోపలికి. ఎంత చిన్న గీతో చూడాలంటే ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. పదకొండింటికి ఒక పన్ను వెంట్రుకవాసి ఎక్కువ అరిగింది, ఇంక ఆ పలక సరిపడా లేవదు. ఆయన ఏమీ అనకుండా దాన్ని పక్కన పడేసి, సంచిలోంచి ఇంకోటి తీసి మొదటినుంచి మొదలుపెట్టాడు. నాకైతే ఏడుపొచ్చినంత పనైంది.

టీ తాగేటప్పుడు ఆయనకి హాబ్స్ సంగతి చెప్పాను. 1851లో ఎగ్జిబిషన్ కోసం లండన్ వెళ్లిన అమెరికా తాళాల మనిషి. అక్కడి తాళాల కంపెనీ చబ్ వాళ్ల తాళంలో ఏ పలకనైనా ఎక్కువ ఎత్తితే అది అక్కడే పట్టేసుకుని, ఎవరో చెయ్యి పెట్టారని యజమానికి చెప్పేస్తుంది. దాన్ని హాబ్స్ 25 నిమిషాల్లో తీసేశాడు. ఇంకో తాళాల కంపెనీ బ్రామా వాళ్లు మాత్రం తీసినవాళ్లకి 200 గినీలు (అప్పటి ఇంగ్లండు డబ్బు) ఇస్తామని దుకాణం అద్దంలోనే తాళం పెట్టి, అప్పటికే దశాబ్దాలుగా సవాలు చేస్తూ వచ్చారు. దానికి హాబ్స్‌కి 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది. పెద్దాయన అంతా విని ఒకటే అడిగాడు.

"తాళం పాడవలేదు కదా?"

లేదండీ, చబ్ తాళాన్ని మళ్లీ వేసి కూడా చూపించాడు అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. కట్టర్ వద్దని నేనెందుకు పట్టుబట్టానో బాబాయికి సరిగ్గా చెప్పలేకపోయాను గానీ, ఈ ప్రశ్నలో అదంతా ఉంది. ఎప్పుడో ఎవరో అంత బుర్రపెట్టి చేసిన వస్తువుని కోసెయ్యకుండా, వాడి ఆలోచన వెంటే వెళ్లి తీస్తే దక్కే సంతోషం వేరు.

రెండున్నరకి ఇంకోసారి పెట్టి, "నువ్వు తిప్పు బాబూ" అన్నాడు. మొదట బిగుతుగా ఉంది, ఉన్నట్టుండి బరువైన గడియ వెనక్కి జారిన శబ్దం. అది చేతికే ముందు తెలిసింది, చెవికి తర్వాత.

లోపల మిర్చి పట్టీలు, రెండు ప్రోనోట్లు, తాతయ్య కళ్లజోడు. అమ్మ కళ్లజోడు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

దింపడానికి వెళ్లినప్పుడు, నాకూ నేర్పుతారా అని అడిగాను. తాళంచెవి పోయిన పాత తాళంకప్ప ఏదైనా ఉంటే వచ్చే ఆదివారం పట్టుకురా అన్నాడు. ఇందాక అటక మీద వెతికితే మూడు దొరికాయి.