పెన్షనర్ల చేతుల మీదుగా నడిచిన 20 వేల డాలర్లు

యూనియన్‌లో అవినీతి అంటే మా బెల్లంపల్లి వైపు గుర్తొచ్చేది పైరవీ. బొగ్గు బాయి (గని) దిగలేని మనిషికి సర్ఫేస్ డ్యూటీ వేయించడానికి ఇంత, క్వార్టర్ ఇప్పించడానికి ఇంత అని. యూనియన్ డబ్బుతోనే యూనియన్ నాయకుణ్ణి చంపించారంటే మాత్రం నమ్మలేకపోయాను. అమెరికాలో యునైటెడ్ మైన్ వర్కర్స్ అనే బొగ్గు కార్మికుల సంఘంలో అది జరిగింది.

1963 నుంచి దాని అధ్యక్షుడు టోనీ బాయిల్. 1968 నవంబర్ 20న పశ్చిమ వర్జీనియాలో ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది పోయారు. ఇంకా పొగ వస్తున్న గని దగ్గర నిలబడి బాయిల్ ఆ కంపెనీనే మెచ్చుకున్నాడు. ఆ తర్వాతి ఏడాది జాక్ యాబ్లాన్‌స్కీ అతనికి పోటీగా అధ్యక్ష ఎన్నికలో నిలబడ్డాడు. ఈయనేమీ బయటివాడు కాదు. ఏళ్ల తరబడి బాయిల్ మనిషే, వేదికల మీద అతన్ని పొగిడినవాడే. అందుకే లోపలి లెక్కలన్నీ ఆయనకి తెలుసు.

లెక్కలు ఎలా ఉండేవంటే, వాషింగ్టన్‌లో యూనియన్‌కి సొంత బ్యాంకు ఉండేది. కార్మికుల వెల్ఫేర్ ఫండ్ సొమ్ము కోట్ల డాలర్లు అందులో వడ్డీ లేని ఖాతాల్లో పడి ఉండేది. లాభం బ్యాంకుకి, నష్టం పెన్షనర్లకి. అయినా ఆ పెన్షనర్ల ఓట్లే బాయిల్‌కి బలం. రిటైరైనవాళ్లకి కూడా అక్కడ ఓటుంది. 1969 జూన్‌లో, ఎన్నికల ఏడాదిలోనే, నెల పెన్షన్ 115 డాలర్ల నుంచి 150కి పెంచేశాడు. ఈ సంగతి చెబితే మా నాన్న, "35 డాలర్లు పెరిగిందా! నేనైనా వేసేవాణ్ణి బిడ్డా ఓటు" అన్నాడు. సింగరేణిలో చేసి రిటైరయ్యాడు, ఆయన బొగ్గు పెన్షన్‌లో మాత్రం కదలిక లేదు. అందుకే ఆ ముసలివాళ్లని తిట్టడానికి నాకు నోరు రాదు.

హత్యకు డబ్బు వచ్చిన దారి కూడా వాళ్ల మీదుగానే. యాబ్లాన్‌స్కీని చంపాలన్న మాట బాయిల్ నోట జూన్‌లోనే వచ్చింది. టెన్నెసీ, కెంటకీ వైపు యూనియన్ 19వ జిల్లా నాయకుడు ఆల్బర్ట్ పాస్ ఆ పని నెత్తిన వేసుకున్నాడు. లేని ఒక కమిటీ పేరు మీద కేంద్ర ఖజానా నుంచి 20 వేల డాలర్లు తెప్పించి, ఇరవై మందికి పైగా రిటైరైన కార్మికులకి చెక్కులు రాశారు. వాళ్లు చెక్కులు మార్చి, నగదు తిరిగి నాయకుల చేతిలో పెట్టారు. ప్రభుత్వ దర్యాప్తు వచ్చినప్పుడు, ఆ డబ్బు సంఘం పనికే ఖర్చయిందని చెప్పారు. కాగితం మీద చూస్తే అంతా చక్కగా ఉంది.

ఎన్నికకు ముందు చంపితే అనుమానం నేరుగా బాయిల్ మీదికే వస్తుంది కాబట్టి ఆగమన్నారు. డిసెంబర్ 9న బాయిల్ దాదాపు 80 వేల ఓట్లతో గెలిచాడు. యాబ్లాన్‌స్కీకి 46 వేలు. ఓట్లలో మోసం జరిగిందని ఆయన ఫిర్యాదు చేశాడు. డిసెంబర్ 31 రాత్రి పెన్సిల్వేనియాలోని క్లార్క్స్‌విల్‌లో ఆయన్ని, భార్య మార్గరెట్‌ని, కూతురు షార్లెట్‌ని నిద్రలోనే కాల్చేశారు. జనవరి 5న కొడుకు వచ్చి చూసేదాకా ఎవరికీ తెలియలేదు. హంతకులు అంతకుముందే ఒకసారి గనిలో పని కావాలంటూ ఇంటికొచ్చారు. అనుమానమొచ్చి యాబ్లాన్‌స్కీ కారు నంబరు రాసిపెట్టుకున్నాడు. అదే పోలీసులకి దారి చూపింది.

కాల్చినవాళ్లతో మొదలుపెట్టి పాస్ దాకా ఒక్కొక్కరూ దొరికారు. బాయిల్‌కి 1974లో శిక్ష పడింది, పై కోర్టు కొట్టేసింది, 1978లో మళ్లీ దోషి అని తేలింది. ఖైదీగానే 1985లో చనిపోయాడు.

నాకు ఎక్కువ కోపం కార్మిక శాఖ మీద. ఎన్నిక సక్రమంగా జరగట్లేదు, చూడండని యాబ్లాన్‌స్కీ లాయర్ జోసెఫ్ రావ్ ముందే మొత్తుకున్నాడు. ఎన్నిక అయ్యాక చూస్తామన్నారు. ముగ్గురు పోయాక కదిలారు. 1972లో కోర్టు ఆ ఎన్నిక రద్దు చేసింది. మళ్లీ జరిపితే గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడైన ఆర్నాల్డ్ మిల్లర్ గెలిచాడు. వస్తూనే నాయకుల జీతాలు తగ్గించాడు, యూనియన్ కాడిలాక్ కార్లు అమ్మేశాడు. కంపెనీలతో కుదిరే ఒప్పందం మీద కార్మికులే ఓటేసే హక్కు వాళ్లకి ఆ తర్వాతే వచ్చింది.