ముందుగా పెట్టించిన సంతకం

2024 డిసెంబర్లో, క్రిస్మస్ సెలవులకి రెండు రోజుల ముందు, మా డైరెక్టర్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపేసి, ఒక కాగితం నా ముందు పెట్టి ఒకే ఒక్క మాట అడిగారు, ఇంకా గడవని రోజులకి సంతకం ఎట్లా పెట్టించావు అని. కేకలెయ్యలేదు. మొహం కూడా మాడ్చుకోలేదు. నాకు మాత్రం చెవులు వేడెక్కిపోయాయి, ఎందుకంటే ఆ పని నేను మంచికే చేశాననుకున్నా, ఇప్పటికీ కొంత అట్లాగే అనుకుంటున్నా, ఎనిమిది నెలలైనా మనసులోంచి పోవట్లేదు, అందుకే ఇదంతా రాస్తున్నా.

నేను టెక్సాస్‌లో ఒక చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో ఫెడరల్ గ్రాంట్ల, అంటే ఇక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బుల, లెక్కలు చూస్తా. డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా అనుకోవద్దు, మాది మన మండలమంత ఉంటుంది, దానికి సొంత బోర్డు, సొంత పన్ను. స్కూళ్ళు నడిచేది ఎక్కువగా ఆ ఊళ్ళో ఇళ్ళ మీద పన్నుతో, రాష్ట్రం ఇచ్చే డబ్బుతో. వాషింగ్టన్ నుంచి వచ్చేది దేశం మొత్తం మీద చూసినా సుమారు పదో వంతే, కానీ నూరు రకాల షరతులు ఆ పదో వంతుకే ఉంటాయి, నా ఉద్యోగం కూడా దానివల్లే ఉంది. మా ఆయన హెచ్-1 వీసా మీద వచ్చాక నేను చాలా ఏళ్ళు ఇంట్లో కూర్చున్నా, 2015లో హెచ్-4 వాళ్ళలో, అంటే హెచ్-1 వాళ్ళ భార్యాభర్తల్లో, కొందరికి పని చేసుకునే పర్మిషన్ వచ్చాక ఈ ఆఫీసులో చేరా. ఇంటి నుంచి గంటంపావు డ్రైవ్, ఆఫీసులో ఇంకో తెలుగు మొహం లేదు.

మా డబ్బులో పెద్దది టైటిల్ వన్. పేద పిల్లలు ఎక్కువున్న స్కూళ్ళకి ఇచ్చేది, దేశం మొత్తానికి ఏడాదికి సుమారు 1,840 కోట్ల డాలర్లు. దాని అసలు నియమం ఒక్క ముక్కలో చెప్తా, ఉన్నదానికి అదనంగా ఇవ్వాలి, ఉన్నదాని బదులు ఇవ్వకూడదు. అంటే డిస్ట్రిక్ట్ ఎట్లాగూ పెట్టాల్సిన నాలుగో తరగతి టీచర్‌ని ఈ డబ్బుతో పెట్టకూడదు, ఆ నాలుగో తరగతిలో చదవలేక వెనకబడ్డ ఆరుగురు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించే టీచర్‌ని పెట్టొచ్చు. ఈ డబ్బుతో జీతం తీసుకునే ప్రతి మనిషీ ఏడాదికి రెండుసార్లు, నేను ఈ కాలమంతా ఈ పనే చేశాను అని సంతకం పెట్టాలి, మా డిస్ట్రిక్ట్ పద్ధతి అది. జీతం సగం ఇక్కడ సగం అక్కడ అయినవాళ్ళయితే ఏ పనికి ఎంత టైము పోయిందో నెలనెలా రాయాలి. ఏదైనా సరే, పని అయిపోయాక పెట్టాల్సిన సంతకం.

జరిగిందేంటంటే, ఒక ఎలిమెంటరీ స్కూల్లో రీడింగ్ టీచరమ్మకి డిసెంబర్ మధ్యలో సర్జరీ ఉంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు, పాపం ఆ హడావిడిలో ఈ కాగితం కోసం ఆవిడని ఇంటికి ఫోన్ చేసి విసిగించడం ఎందుకులే అని, నేనే కారేసుకుని ఆ స్కూలుకెళ్ళి, డిసెంబర్ ఆఖరిదాకా వర్తించే కాగితం మీద ఆ నెల మొదటి వారంలోనే సంతకం పెట్టించుకొచ్చా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది. ఇంటికొచ్చేటప్పుడు ఎంత తృప్తిగా ఉందో.

తీరా చూస్తే సర్జరీ జనవరికి వాయిదా పడింది. ఈలోగా అదే స్కూల్లో నాలుగో తరగతి టీచర్ జ్వరమొచ్చి పడిపోతే, సబ్స్టిట్యూట్ దొరక్క ప్రిన్సిపాల్ మా రీడింగ్ టీచర్నే ఆరు రోజులు ఆ క్లాసులో పెట్టారు. ఆ ఆరుగురు పిల్లలకీ ఆ ఆరు రోజులూ చదువు చెప్పినవాళ్ళు లేరు. కాగితం మీద మాత్రం ఆవిడ వాళ్ళకి చెప్తూనే ఉంది, కింద సంతకం ఉంది, అది తెచ్చింది నేను. అబద్ధం ఎవరూ ఆడలేదు. ప్రిన్సిపాల్ ఆడలేదు, ఆవిడ ఆడలేదు, నేను ఆడలేదు, అయినా కాగితం అబద్ధమైపోయింది.

ఆరు రోజుల జీతం 211లో తీసేసి 199కి మార్చమన్నారు. టెక్సాస్ లెక్కల్లో 211 అంటే టైటిల్ వన్, 199 అంటే డిస్ట్రిక్ట్ మామూలు డబ్బు. పది నిమిషాల జర్నల్ ఎంట్రీ. చేతులు వణికాయి నాకు.

ఇప్పుడు మన సంగతి చెప్తా. మా నాన్న పర్చూరు దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు. ఆయన బీరువాలో హాజరు పట్టీ కింద తేదీ వెయ్యని సెలవు చీటీలు ఉండేవి, మన స్కూళ్ళు తెలిసినవాళ్ళకి నేను ఇంకేం చెప్పక్కర్లేదు. చీరాల నుంచో చిలకలూరిపేట నుంచో రెండు బస్సులు మారి వచ్చే పంతులమ్మకి పొద్దున బస్సు తప్పిపోతే, పిల్లాడికి విరేచనాలైతే, ఆ చీటీ కాపాడేది. ఇన్స్పెక్షన్ కి ఎవరైనా వస్తే దాని మీద ఆ రోజు తేదీ పడేది, ఎవరూ రాకపోతే చీటీ చీటీగానే ఉండేది. నాన్న దాన్ని దొంగతనం అని ఒక్కనాడూ అనుకోలేదు, అట్లాగని ఊరికే స్కూలు ఎగ్గొట్టేవాడి చీటీ దగ్గర పెట్టుకోనూ లేదు, మనిషిని చూసి పెట్టుకునేవారు. నేను ఆ ఇంట్లో పెరిగినదాన్ని. ఒకళ్ళకి కష్టమొస్తే కాగితం వాళ్ళకి అడ్డం రాకుండా చూడటమే పెద్దరికం అని మాటల్లో కాదు, చూసి నేర్చుకున్నా. ఇప్పుడైతే మన దగ్గర కూడా ఫోన్లో మొహం చూపిస్తేనే హాజరు పడుతోంది, చీటీల కాలం పోయింది.

అందుకని ఆ రోజు డైరెక్టర్ గారితో నేను వాదించాను కూడా. ఆవిడకి ఒంట్లో బాలేదు కదండీ, ఎవరో ఒకరం సర్దుకోవాలి కదా అన్నాను. సర్దుకోవడం అన్న మాటకి ఇంగ్లీషులో ఏమనాలో తెలీక అవస్థ పడ్డా, దగ్గరగా ఏదో అన్నా, అది డైరెక్టర్ గారికి తప్పు కప్పిపుచ్చడం లాగా వినపడిందని ఆవిడ మొహం చూస్తే తెలిసింది. అప్పుడావిడ డ్రాయర్లోంచి మా డిస్ట్రిక్ట్ నియమాల పుస్తకం తీసి ఒక లైను చూపించారు. మనిషి అందుబాటులో లేకపోతే ఆ పనిని కళ్ళారా చూసిన పై అధికారి, కాలం ముగిశాక, సంతకం పెట్టొచ్చు. ప్రిన్సిపాల్ జనవరిలో పెట్టేవారు, టీచరమ్మని ఎవరూ విసిగించక్కర్లేదు, ఆ ఆరు రోజులు అప్పుడే బయటపడేవి. నువ్వు చూపించాలనుకున్న దయ రూల్లోనే ఉంది, చదివితే సరిపోయేది, అన్నారు. అది తిట్టు కంటే ఎక్కువ తగిలింది. నేను ఆ పుస్తకం చదవలేదని కాదు, రూల్ అంటే మనిషికి అడ్డంగా ఉండేదే అన్న నమ్మకంతో చదివాను, అందుకే ఆ లైను నా కంట పడలేదు.

అసలు ఆ డబ్బు ఎట్లా వస్తుందో చూస్తే ఆవిడ పట్టుదల కొంత అర్థమవుతుంది. ప్రతి ఏడాదీ ఎండాకాలం ముందే మొదలుపెడతాం. ఒక్కో స్కూల్లో మధ్యాహ్న భోజనం ఫ్రీగా, తక్కువ రేటుకి తినే పిల్లలు ఎంతమందో తీసి, పేదరికం శాతం ప్రకారం స్కూళ్ళని వరసలో పెట్టాలి. 75 శాతం దాటిన స్కూళ్ళకి ముందు ఇచ్చి తీరాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు, వరసలో కిందున్న స్కూలుకి తలకి ఇచ్చేది పైనున్నదానికంటే ఎక్కువ ఉండకూడదు. ఇళ్ళు లేని పిల్లలకి విడిగా తీసిపెట్టాలి. మా ఊళ్ళో చర్చి నడిపే చిన్న ప్రైవేటు స్కూలు వాళ్ళతో కూర్చుని, వాళ్ళ దగ్గర వెనకబడ్డ పిల్లల వాటా గురించి మాట్లాడాలి. 5 లక్షల డాలర్లు దాటి వచ్చే డిస్ట్రిక్ట్ అయితే కనీసం 1 శాతం తల్లిదండ్రులతో కలిసి చేసే పనులకి, దేనికి ఖర్చు పెట్టాలో వాళ్ళని అడిగే పెట్టాలి. మిగిలినది మామూలుగా 15 శాతం దాకే వచ్చే ఏడాదికి మోసుకెళ్ళొచ్చు. ఇదంతా రాష్ట్రం వాళ్ళ ఈ-గ్రాంట్స్‌లో ఎక్కించాలి, ఒక్క గడి తప్పితే వెనక్కొస్తుంది.

ఆ భోజనం ఫారాలు నేనే చూస్తా. అమ్మానాన్నల ఆదాయం, ఇంట్లో ఎంతమంది, అన్నీ రాయాలి. కొన్ని ఫారాల మీద కొట్టేసి మళ్ళీ రాసిన అంకెలు ఉంటాయి, రాయాలా వద్దా అని సిగ్గుపడి రాసినట్టు తెలిసిపోతుంది. ఆ ఫారం వల్లే ఆ స్కూలుకి తలకింత అని డబ్బొస్తుంది. వాళ్ళు అంత సిగ్గు మింగి ఒక మాట రాసిస్తే, మనం ఆ మాట మీద తెచ్చిన డబ్బుకి మన సంతకం ముందే పెట్టేస్తే ఎట్లా అని డైరెక్టర్ గారు అన్నప్పుడు నాకు వాదించడానికి ఏమీ మిగల్లేదు.

స్ప్రింగ్ బ్రేక్‌లో మా వాళ్ళని తీసుకుని స్టోన్‌వాల్ దగ్గర జాన్సన్ ప్రెసిడెంటు గారి ఊరు చూసొచ్చాం. 1965 ఏప్రిల్ 11న ఆయన ఈ టైటిల్ వన్ డబ్బు తెచ్చిన చట్టం మీద సంతకం పెట్టింది వాషింగ్టన్లో కాదు, తను చిన్నప్పుడు చదివిన ఒంటిగది బడి బయట, అక్కడ తనకి చదువు చెప్పిన టీచరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని. అంతకు చాలా ముందు, కుర్రవాడిగా ఉన్నప్పుడు, కొటుల్లా అనే ఊళ్ళో మెక్సికన్ పిల్లల బళ్ళో పాఠాలు చెప్పాడు ఆయన, ఆకలితో వచ్చే పిల్లల్ని చూశాడు. మా ఆయన ఫోటోలు తీస్తుంటే నేను ఆ బడి ముందు నిలబడి నాన్నని తలుచుకున్నా. ముందు చూసి, తర్వాత పెట్టిన సంతకం అది. నాన్న ఈ చోటు చూస్తే ఎంత సంతోషించేవారో.

ఇక్కడితో ఆగితే డైరెక్టర్ గారిదే రైటు, మనదే తప్పు అని రాసేసేదాన్ని. కానీ జులై వచ్చింది.

ప్రతి ఏడాదీ జులై 1న రావాల్సిన ఫెడరల్ డబ్బుల్లో కొన్ని 2025లో రాలేదు. జూన్ 30న రాష్ట్రాలకి ఒక ఈమెయిల్ వచ్చింది, పరిశీలనలో ఉంది, ఇప్పుడు ఇవ్వం అని. టైటిల్ వన్‌లో మా పెద్ద వాటా ఆగలేదు గానీ, టీచర్ల ట్రైనింగు, ఇంగ్లీషు రాని పిల్లలకి ఇచ్చేది, స్కూలయ్యాక సాయంత్రం నడిపే క్లాసులది, పొలం పనులకి ఊళ్ళు మారే కుటుంబాల పిల్లలది, దేశం మొత్తం మీద సుమారు 680 కోట్ల డాలర్లు ఆగిపోయాయి. ఆరు రోజుల జీతానికి మా చేత అన్ని కాగితాలు రాయించేవాళ్ళు, కాంగ్రెస్ మంజూరు చేసిన డబ్బుని ముందురోజు ఒక ఈమెయిల్‌తో ఆపేశారు. నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మా నాన్న జీవితమంతా ఇదే చూశాను నేను, జూన్‌లో రావాల్సిన స్కూలు గ్రాంటు మార్చి ఆఖర్లో వచ్చేది, 31లోపు ఖర్చు పెట్టి యూసీ, అంటే ఖర్చు పెట్టామని రాసిచ్చే సర్టిఫికెట్, పంపమనేవాళ్ళు, ఈలోగా సుద్దముక్కలు, రిజిస్టర్లు ఆయన జేబులోంచే. అమెరికాలో కూడా ఇదేనా అనిపించింది.

ఆ నెలలో మా దగ్గర ఇద్దరు ఎయిడ్లు, ఇంగ్లీషు రాని పిల్లలకి సాయం చేసేవాళ్ళు, కొత్త కాంట్రాక్టు కోసం ఎదురుచూస్తున్నారు. ఇద్దరూ ఈ ఊరివాళ్ళే, ఒకావిడ తొమ్మిదేళ్ళుగా చేస్తోంది. డబ్బు వస్తుందని అందరికీ నమ్మకం ఉంది, సంతకం పెట్టండి, ఆ తర్వాత చూసుకోవచ్చు అని నేను అడిగాను, బతిమాలినట్టే అడిగాను. డైరెక్టర్ గారు తల అడ్డంగా ఊపారు. రాని డబ్బు మీద సంతకం పెట్టలేను అన్నారు. అదే మాట, డిసెంబర్లో నాకు చెప్పిన మాటే. చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆ వారమంతా సరిగ్గా తిన్నట్టు కూడా లేరు. నాన్న అయితే, పన్లోకి రామ్మా, నేను చూసుకుంటా అనేవారు. చూసుకునేవారు కూడా, ఎవరి దగ్గరో అప్పు చేసైనా సరే.

జులై 25న మిగతా డబ్బు వదుల్తున్నాం అని ప్రకటించారు. అప్పటికి తొమ్మిదేళ్ళావిడ పక్క ఊళ్ళో గోడౌన్‌లో పనికి కుదిరిపోయింది. నేను ఫోన్ చేస్తే పర్వాలేదమ్మా అంది, జీతం అక్కడే ఎక్కువ అంది, పిల్లల్ని మాత్రం ఒక్కొక్కళ్ళనే పేరు పేరునా అడిగింది.

ఆ ఆదివారం నాన్నకి ఫోన్ చేసి, డిసెంబర్ సంగతి, జులై సంగతి మొత్తం చెప్పా. డిసెంబర్‌ది ఎనిమిది నెలలు దాచిపెట్టా ఆయన దగ్గర, ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. అంతా విని ఆయన ముందు అడిగింది ఆ రీడింగ్ టీచరమ్మకి ఆపరేషన్ ఎట్లా జరిగింది అని. బాగా జరిగింది నాన్నా, ఫిబ్రవరిలో వచ్చేసింది, జూన్ కాగితం జూన్‌లోనే, స్కూళ్ళు మూసేశాకే, మా ఆఫీసుకొచ్చి తనే పెట్టిపోయింది అన్నా. మీ మేడం గారు గట్టి మనిషే అన్నారు. మెచ్చుకున్నారో లేదో గొంతుని బట్టి నాకు తెలీలేదు.

కాసేపు ఆగి, అమ్మలూ, బీరువా సర్దుతుంటే ఆ చీటీలు రెండు దొరికాయి, ఒకటి లెక్కల మాస్టారిది, ఆయన పోయి నాలుగేళ్ళయింది, దాన్ని వాడే అవసరం ఎప్పుడూ రాలేదు, ఆయన అసలు సెలవే పెట్టేవాడు కాదు, చించేయమంటావా అని అడిగారు.

ఉంచండి నాన్నా అన్నా.