సొన చుక్క

తొడిమ తుంచగానే సొన చిమ్మి సరిగ్గా బుగ్గ మీద పడింది. దామలచెరువు మండీలో తోతాపురి కాయలు ఏరుకుంటున్నా. "తొందరగా కడుక్కోమ్మా, మచ్చ పడతాది" అని కాయలమ్మే అవ్వ చెంబు నీళ్లు అందించింది.

మంట కాస్త తగ్గాక గుర్తొచ్చింది. మామిడి, జీడిమామిడి, పిస్తా... అన్నీ ఒకే కుటుంబం. జీడిపిక్క పెంకులోని నూనె చేతులు పొక్కించేదీ ఈ ఇంటి గుణమే.

పిస్తాలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. పూలకు రేకులుండవు. తేనెటీగలతో పని లేదు, పుప్పొడిని గాలే మోసుకెళ్తుంది. కాయ ముదిరితే పెంకు చెట్టు మీదే పగులుతుంది. ఇరాన్‌లో దాన్ని నవ్వే పిస్తా అంటారు. ఎంత అందమైన మాట!

దానికి చలికాలం గట్టిగా ఉండాలి. మా చిత్తూరు ఎండలకి మామిడే సరి.

బుగ్గ ఇంకా చురుక్కుమంటూనే ఉంది.